గప్పీ తోక చిరుగుతోందా? మందు సీసా తెరిచే ముందు నీళ్లు చూడండి

"గప్పీ తోక చిరిగింది, ఏ మందు వేయాలి?" అని ఎవరైనా అడిగితే నేను తిరిగి అడిగేది ఒక్కటే: నీళ్లు టెస్ట్ చేశారా? దాదాపు ప్రతిసారీ వచ్చే జవాబు "నీళ్లు తేటగానే ఉన్నాయండీ" అని. చేపల వ్యర్థాల నుంచి నీళ్లలో చేరే విషం అమ్మోనియా, దానికి రంగు లేదు. చేపను చంపేంత ఉన్నా నీళ్లు అద్దంలాగే మెరుస్తాయి. ఈలోపు మెథిలిన్ బ్లూ లాంటిదేదో ట్యాంకులో పోసేస్తారు. దాంతో ఫిల్టర్‌లో ఉన్న మంచి బాక్టీరియా దెబ్బతింటుంది, నీళ్లు ఇంకా పాడవుతాయి, తోక ఇంకా కరుగుతుంది. అప్పుడు మందు మోతాదు పెంచుతారు. బతకాల్సిన చేపలు ఇలా పోవడం చాలాసార్లు చూశాను, చూసిన ప్రతిసారీ ప్రాణం ఉసూరుమంటుంది.

అందుకే లక్షణం దగ్గర మొదలుపెడదాం.

తోక అంచు ఎలా ఉంది?

చేప పక్కకు తిరిగినప్పుడు మంచి వెలుతురులో తోకను చూడండి. కత్తెరతో కత్తిరించినట్టు ముక్క పోయి, మిగిలిన తోక మామూలు రంగులో ఉంటే అది జబ్బు కాదు, గాయం. అర్ధచంద్రాకారంలో ముక్క పోతే పక్క చేప కొరికింది. టైగర్ బార్బ్, సెర్పే టెట్రా, ఫైటర్ లాంటివి గప్పీతో ఉంటే ఇక వెతకనక్కర్లేదు, వాటిని వేరు చేయండి. ట్యాంకులో గప్పీలు మాత్రమే ఉన్నా మగవి ఎక్కువైతే ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి. ఒక మగకు రెండు మూడు ఆడవి ఉంటే గొడవ తగ్గుతుంది. తోక పొడవునా చీలితే ఫిల్టర్ లాగే చోటు, మొనదేలిన రాయి, గరుకు ప్లాస్టిక్ మొక్క చూడండి. పాత నైలాన్ సాక్సు ముక్కను మొక్క మీద రుద్దితే, సాక్సుకు పోగు లేచిన చోట తోక కూడా చిరుగుతుంది. ఫిల్టర్ నోటికి స్పాంజ్ తొడగండి. నీళ్లు బాగుంటే గాయం దానంతటదే మానుతుంది.

అంచు తెల్లబారి, నలిగిన గుడ్డపీలికలా రోజురోజుకూ లోపలికి తగ్గుతూ పోతుంటే అది ఫిన్ రాట్, అంటే రెక్కలు, తోక కుళ్లే జబ్బు. ఏరోమోనాస్, సూడోమోనాస్ లాంటి బాక్టీరియా పని ఇది. ఇవి ఏ ట్యాంకులోనైనా ఎప్పుడూ ఉంటాయి. చేప బలంగా ఉన్నంతకాలం ఏమీ చేయలేవు. కాబట్టి ఫిన్ రాట్ అని పేరు పెట్టడంతో పని అయిపోదు. చేప ఎందుకు నీరసించిందో కనుక్కోవాలి.

అంచు కాకుండా వీపు మీద జీను వేసినట్టు తెల్లటి మచ్చ, మూతి చుట్టూ దూదిలాంటిది కనిపిస్తే అది కొలమ్నారిస్ అయ్యే అవకాశం ఎక్కువ. చూడటానికి ఫంగస్‌లా ఉంటుంది గానీ ఇదీ బాక్టీరియానే. ఫంగస్ మందుతో కాలయాపన చేయకండి, ఇది ఒకటి రెండు రోజుల్లోనే చంపగలదు. వేడి పెరిగితే ఇంకా రెచ్చిపోతుంది. జబ్బు ఏదైనా హీటర్ పెంచే అలవాటు ఉన్నవాళ్లు ఇక్కడ మాత్రం పెంచవద్దు, 24 డిగ్రీల దగ్గర ఉంచండి. ఆ చేపను వేరే ట్యాంకులోకి మార్చి, గ్రామ్ నెగెటివ్ బాక్టీరియా మీద పనిచేసే యాంటీబయాటిక్ పశువైద్యుణ్ణి అడిగి వాడండి. మందు వేసేటప్పుడు ఫిల్టర్‌లో కార్బన్ ఉంటే తీసేయండి, లేకపోతే మందంతా అది పీల్చేస్తుంది.

ఒక్క చేపకా, అన్నిటికీనా?

ఎక్కువమంది దాటేసే ప్రశ్న ఇది. ఒక్క చేప తోకే చిరిగితే కారణం ఆ చేప దగ్గరో, దాన్ని కొరికే చేప దగ్గరో ఉంటుంది. మూడు నాలుగు చేపలు ఒకేసారి తోకలు ముడుచుకుని, అంచులు పీచులుగా మారి, ఒక మూల గుమిగూడితే కారణం నీళ్లే.

ఫిల్టర్‌లోని మంచి బాక్టీరియా అమ్మోనియాను ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. అమ్మోనియా, నైట్రైట్ రెండూ 0 ఉండాలి. నైట్రేట్ 40 పీపీఎం (లీటరుకు 40 మిల్లీగ్రాములు) దాటకూడదు. కొత్త ట్యాంకులో ఈ బాక్టీరియా స్థిరపడటానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది, అప్పటిదాకా అమ్మోనియా ఉంటుందనే అనుకోండి. పాత ట్యాంకులో ఉన్నట్టుండి అమ్మోనియా కనిపిస్తే, ఈ మధ్య ఫిల్టర్ స్పాంజ్‌ను కుళాయి కింద కడిగారేమో గుర్తు చేసుకోండి. క్లోరిన్ ఉన్న నీళ్లతో కడిగితే ఫిల్టర్ శుభ్రపడుతుంది, అందులోని బాక్టీరియా చచ్చిపోతుంది. ట్యాంకులోంచి తీసిన నీళ్లలో పిండితే చాలు.

ఇంతవరకు చాలామందికి తెలిసిందే. నన్ను దెబ్బతీసింది వేరే ఉంది.

అన్నీ బాగున్నట్టు కనిపించే పాత ట్యాంకు

నా ట్యాంకు ఒకటి రెండేళ్లకు పైగా నడిచింది. గప్పీల సంగతి తెలిసిందే, పది కాస్తా నలభై అయ్యాయి. ఆర్ఓ నీళ్లంటే అన్నిటికన్నా స్వచ్ఛమైనవి కదా అని అవే పోస్తూ వచ్చాను. ఆవిరైనంత నింపడమే తప్ప పాత నీళ్లు తీసింది తక్కువ. మెల్లగా మగ చేపల తోకలు అంచుల్లో ముడతలు పడ్డాయి, తర్వాత చీలాయి. విసనకర్రలా విచ్చుకోవాల్సిన తోక పుల్లలా ముడుచుకుపోయింది. కొత్తగా తెచ్చిన చేప వారం కూడా బతికేది కాదు, పాతవి మాత్రం ఎలాగో నెట్టుకొచ్చేవి. నైట్రైట్ టెస్ట్ చేస్తే 0. అమ్మోనియా టెస్ట్ 4 పీపీఎం చూపిస్తే నమ్మలేదు. అంత అమ్మోనియాలో చేపలు ఎలా ఈదుతాయి, కిట్ పాడై ఉంటుందని పక్కన పడేశాను. ఫిన్ రాట్ మందు రెండు విడతలు వేశాను, మార్పు లేదు.

చివరికి ఒక సాయంత్రం, పాపం వీటికి మంచి నీళ్లు ఇద్దామని, క్లోరిన్ విరిచిన కుళాయి నీళ్లతో సగం ట్యాంకు మార్చాను. రాత్రికి చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. తెల్లారేసరికి పదకొండు చచ్చిపోయి ఉన్నాయి. మిగిలినవాటి తోకల్లో ఎర్రటి గీతలు, మొప్పలు మంట పెట్టినట్టు ఎర్రగా. వాటికి మేలు చేస్తున్నాననుకుని నా చేతులతో చేసిన పని అది. ఇప్పటికీ మర్చిపోలేను.

జరిగింది ఇది. అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చేటప్పుడు బాక్టీరియా నీటిలోని కార్బొనేట్లను, అంటే కెహెచ్‌ను, ఖర్చు చేస్తుంది. మామూలుగా నీళ్లు మారుస్తుంటే ఆ ఖర్చు భర్తీ అవుతుంది. ఆర్ఓ నీళ్లలో కెహెచ్ దాదాపు ఉండదు, కాబట్టి ఎంత పోసినా భర్తీ కాదు. కెహెచ్ సున్నాకు చేరాక పీహెచ్‌ను (నీళ్ల పులుపు కొలత, అంకె తగ్గితే పులుపు ఎక్కువ) పట్టి ఆపేది ఏదీ ఉండదు, అది 6కు, ఇంకా కిందికి జారిపోతుంది. ఆ పుల్లదనంలో బాక్టీరియా పని దాదాపు ఆగిపోతుంది. అమ్మోనియా పేరుకుంటుంది. మొదటి మెట్టే ఆగిపోయింది కనుక నైట్రైట్ తయారే కాదు, టెస్టులో 0 వస్తుంది. ఆ 0 చూసి మనం నిశ్చింతగా ఉంటాం.

మరి చేపలు ఎలా బతికాయి? అమ్మోనియాకు రెండు రూపాలున్నాయి. పీహెచ్ తక్కువున్నప్పుడు దాదాపు అంతా అమ్మోనియం రూపంలో ఉంటుంది, దాని విషం చాలా తక్కువ. 25 డిగ్రీల నీటిలో పీహెచ్ 6 దగ్గర విషరూపం 0.06 శాతం మాత్రమే. పీహెచ్ 8కి వస్తే అదే 5 శాతం దాటుతుంది. పీహెచ్ ఒక అంకె పెరిగితే విషం సుమారు పదింతలు. మామూలు కిట్ ఈ రెండు రూపాలనూ కలిపి చూపిస్తుంది. కాబట్టి నా కిట్ అబద్ధం చెప్పలేదు. పీహెచ్ ఎక్కువున్న కుళాయి నీళ్లు పోయగానే, అప్పటిదాకా నిద్రపోతున్న అమ్మోనియా విషంగా మారి మొప్పల్నీ తోకల్నీ కాల్చేసింది.

గప్పీలు గట్టి నీళ్ల చేపలు. పీహెచ్ 7 నుంచి 8 మధ్య, ఖనిజాలు దండిగా ఉండే నీళ్లలో హాయిగా ఉంటాయి. పుల్లటి మెత్తని నీళ్లు వాటిని ఏ జబ్బూ లేకుండానే నీరసపరుస్తాయి. ఆ తర్వాత తోక మీదికి బాక్టీరియా వస్తుంది. మందుతో ఆ బాక్టీరియాను ఎన్నిసార్లు తరిమినా మళ్లీ వస్తూనే ఉంటుంది.

దీన్ని పట్టుకోవడానికి కెహెచ్ కిట్ ఒకటి చాలు. చాలా కిట్లలో రంగు మారేవరకు ఒక్కో చుక్క వేస్తూ లెక్కపెట్టాలి, చుక్కకు ఒక డిగ్రీ (కెహెచ్‌ను కొలిచేది ఈ డిగ్రీల్లోనే, వేడి డిగ్రీలు కావు). మొదటి చుక్కకే రంగు మారిపోతే మీ ట్యాంకు అంచున ఉన్నట్టే. కెహెచ్ కిట్ లేకపోతే ట్యాంకు నీళ్ల పీహెచ్, పోయబోయే నీళ్ల పీహెచ్ పక్కపక్కన చూడండి. ఒక అంకె, అంతకన్నా ఎక్కువ తేడా ఉంటే పెద్ద ఎత్తున నీళ్లు మార్చకండి. ఇంకో మాట, చాలా పీహెచ్ కిట్లలో చివరి రంగు 6. టెస్ట్ 6 అని చూపిస్తే అసలు విలువ అంతకన్నా తక్కువ కూడా కావచ్చు.

సరిచేయడం

తొందర వద్దు. ముందు రెండు రోజులు మేత ఆపండి, పెద్ద గప్పీలకు ఏమీ కాదు. ఎయిర్ పంప్ బాగా తిరగనివ్వండి.

అమ్మోనియా ఎక్కువగా ఉంటే కెహెచ్ జోలికి పోకుండా ముందు దాన్ని తగ్గించాలి. రోజుకు పదో వంతు నీళ్లు తీసి, కొత్త నీళ్లు గంటసేపు సన్నటి ధారగా పోయండి. అమ్మోనియాను కూడా కట్టిపడేసే వాటర్ కండిషనర్ దొరికితే వాడండి. ఉత్త క్లోరిన్ విరిచే ద్రవం ఆ పని చేయదు, సీసా మీద చదవండి. కెహెచ్ సున్నా దగ్గరున్న ట్యాంకులో ఈ కొద్ది నీళ్లు కూడా పీహెచ్‌ను కదిలిస్తాయి, కాబట్టి ప్రతిరోజూ పీహెచ్, అమ్మోనియా రెండూ చూడండి. చేపలు పైకొచ్చి గాలి పీలుస్తుంటే ఆ రోజుకు ఆపేయండి.

అమ్మోనియా దాదాపు 0కి వచ్చాక కెహెచ్ పెంచండి. వంట సోడా 100 లీటర్లకు 3 గ్రాములు వేస్తే ఒక డిగ్రీ పెరుగుతుంది. రోజుకు అర డిగ్రీ మించకండి. 40 లీటర్ల ట్యాంకుకైతే రోజుకు 0.6 గ్రాములు. చెంచా లెక్క నమ్మొద్దు, చిన్న తూకంతో తూచి, మగ్గు నీళ్లలో కరిగించి, నెమ్మదిగా పోయండి. కెహెచ్ 4కి చేరితే చాలు. బేకింగ్ పౌడర్ వేరు, అది వేయకూడదు. ఉప్పు వేస్తే కెహెచ్ పెరుగుతుందని కొందరు అనుకుంటారు, పెరగదు.

సోడా కాల్షియం ఇవ్వదు. అందుకని నలిపిన పగడపు రాయో ఆల్చిప్పల పెంకులో జాలీ సంచిలో కట్టి ఫిల్టర్‌లో పెట్టండి. నీళ్లు పుల్లబడే కొద్దీ అవి కరిగి కెహెచ్, కాల్షియం రెండూ ఇస్తాయి. ఆర్ఓ నీళ్లు తప్పనిసరైతే గట్టి నీళ్లతో కలిపి పోయండి. ట్యాంకు కుదుటపడ్డాక వారానికి పాతిక శాతం నీళ్లు మారుస్తూ, రెండు వారాలకోసారి కెహెచ్ చూస్తే ఈ గండం మళ్లీ రాదు.

ఉప్పు సంగతి

ఉప్పు పనికొస్తుంది. నీళ్లు బాగై కూడా తోక అంచు తగ్గుతూనే ఉంటే విడి ట్యాంకులో లీటరుకు 1 గ్రాముతో మొదలుపెట్టి 2, 3 గ్రాముల దాకా వెళ్లవచ్చు. గప్పీలు దీన్ని సులువుగా తట్టుకుంటాయి. కోరీ లాంటి చేపలు, మొక్కలు తట్టుకోలేవు, అందుకే విడి ట్యాంకు అంటున్నాను. ఉప్పు ఆవిరైపోదు. నీళ్లు మార్చినప్పుడు ఎన్ని లీటర్లు తీశారో అన్ని లీటర్లకే మళ్లీ ఉప్పు వేయండి.

అరుదుగా వచ్చేవి

తోక ముడుచుకుని చేప ఒళ్లు రాళ్లకు రాసుకుంటుంటే గైరోడాక్టైలస్ అనే పరాన్నజీవి కావచ్చు, దానికి ప్రాజిక్వాంటెల్. ఉప్పు రవ్వల్లాంటి తెల్ల చుక్కలుంటే అది ఇక్ అనే పరాన్నజీవి జబ్బు. మలద్వారం నుంచి ఎర్రటి దారాలు వేలాడితే కామలానస్ పురుగులు, లెవామిసోల్ వాడతారు. వెన్ను వంగి చేప ఎండిపోతుంటే క్షయ అనుమానించాలి. అది చేతి గాయాల ద్వారా మనుషుల చర్మానికీ సోకగలదు, గాయంతో ట్యాంకులో చెయ్యి పెట్టకండి. చిరిగిన తోకతో నా దగ్గరికి వచ్చినవాటిలో ఇవన్నీ కలిపినా కొద్దే.

మానుతోందని ఎలా తెలుస్తుంది?

ముందుగా తోక విచ్చుకుంటుంది, చేప మేతకు ఎదురొస్తుంది. తర్వాత చిరిగిన అంచు చుట్టూ గాజులా రంగులేని సన్నటి పొర కనిపిస్తుంది. దాన్ని చూసి మళ్లీ తెల్లబడిందని కంగారుపడి మందు వేయకండి. అది కొత్తగా వస్తున్న తోక, రంగు తర్వాత నెమ్మదిగా నిండుతుంది. తెల్లబారిన అంచు మసకగా, పీచుపీచుగా ఉంటుంది, కొత్త పొర నునుపుగా, పారదర్శకంగా ఉంటుంది. కుళ్లు తోక మొదలు దాటి కండలోకి వెళ్తే మాత్రం తోక మళ్లీ రాదు. మిగతా చేపలకు రెండు నుంచి నాలుగు వారాల్లో తేడా తెలుస్తుంది. ఆ వారాల్లో మీ చేతిలో ఉండాల్సింది కెహెచ్ కిట్, మేత తక్కువగా వేయడం, ఓపిక.