కృతజ్ఞతా సాధన – నాలుగో పాఠం: వాక్యంలో లేని మనిషి

ప్రతి రాత్రీ ఆ రోజు జరిగిన మూడు మంచి సంగతులనూ, ఒక్కొక్కదాని ఎదురుగా అది జరగడానికి కారణాన్నీ రాయమని మూడో పాఠంలో చెప్పాను. మీరు పంపిన పేజీలు చదివాక ఈ వారానికి అనుకున్న పాఠాన్ని పక్కన పెట్టక తప్పలేదు. మొదటి రెండు రోజులు బాగానే నడిచాయి కానీ, నాలుగో రోజు నుంచి దాదాపు అందరి పేజీల్లోనూ ఆరోగ్యం, కుటుంబం, ఉద్యోగం అన్న మూడు మాటలే మిగిలాయి. కారణం రాయవలసిన చోట ఒకసారి ‘దేవుడి దయ’ అని రాసి, దాని కింద వారమంతా డిట్టో గుర్తులు పెట్టుకుంటూ పోయినవారు కూడా ఉన్నారు.

ఇందులో సగం తప్పు నాది, ఎందుకంటే కారణం అంటే ఏమిటో విడమరిచి చెప్పకుండానే వదిలేశాను. 2005లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త మార్టిన్ సెలిగ్‌మన్ బృందం ఈ అభ్యాసాన్ని పరీక్షించినప్పుడు, వారం రోజుల పాటు మంచి సంగతులతో పాటు అవి ఎందుకు జరిగాయో కూడా రాయించింది. నా లెక్కలో ఆ ‘ఎందుకు’ లేని జాబితా కిరాణా చీటీతో సమానం.

మధ్యలో రెండు రోజులు తప్పిపోయిందని మానేసినవారికి ఒక్క మాట. లండన్ యూనివర్సిటీ కాలేజీలో పరిశోధకురాలు ఫిలిప్పా లాలీ బృందం తిండి, వ్యాయామం వంటి అలవాట్లను పరిశీలించి, ఒక అలవాటు కుదురుకోవడానికి మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా పట్టవచ్చని అంచనా వేసింది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన చెప్పుకోదగ్గ నష్టం కనబడలేదు. కాబట్టి ఈ రాత్రే మళ్ళీ మొదలుపెట్టండి.

ఇక నన్ను విసిగించిన అసలు చిక్కుకు వస్తాను. ‘నీళ్ళు వచ్చాయి’, ‘కరెంటు వచ్చింది’, ‘అన్నం అయింది’, ‘బట్టలు ఆరాయి’, ‘పిల్లవాడి ఫీజు కట్టడం అయిపోయింది’ అని మీరు రాశారు. తెలుగులో ఇవి తప్పులేని వాక్యాలే, కానీ వీటిలో పని జరిగిపోయినట్లు ఉంటుందే తప్ప, చేసిన మనిషి కనబడడు. వ్యాకరణం ప్రకారం ‘నీళ్ళు వచ్చాయి’ అన్న వాక్యంలో కర్త నీళ్ళే. వాటిని వదిలినవాడికి అందులో చోటే లేదు. కృతం అంటే చేయబడినది, కృతజ్ఞుడు అంటే చేసినదాన్ని ఎరిగి ఉన్నవాడు. అందువల్ల చేసినవాళ్ళను దాచే వాక్యంతో ఈ సాధన సాగదు. ‘అన్నం ఉడికింది’ కాదు, ఎవరు ఉడికించారు? ‘బట్టలు ఆరాయి’ సరే, వాన చినుకులు మొదలవగానే మేడ మీదికి పరుగెత్తి వాటిని తీసుకొచ్చిందెవరు? ‘ఆరోగ్యం బాగుంది’ అంటే ఈ పూట మీ బీపీ మాత్ర అందించినవారెవరు, గుర్తు చేసినవారెవరు?

నేను కూడా నెల రోజులు ‘కుళాయి వచ్చింది’ అనే రాశాను. ఒక తెల్లవారుజామున ఊరికి వెళ్ళడానికి బయలుదేరినప్పుడు, మా వీధి మలుపులో ఒకాయన పొడవాటి ఇనుప తాళంచెవితో నీళ్ళ వాల్వు తిప్పుతూ కనబడ్డాడు. నేను రోజూ రాసిన రెండు మాటల వెనుక రోజూ ఆయన నిద్ర ఉందని అప్పుడు తెలిసింది.

దేవుడి దయ అని రాయవద్దని నేను అనడం లేదు. మనిషి పేరు రాశాక, దాని కింద రాసుకోండి. వాన, చల్లగాలి వంటి వాటికి మనిషిని వెతకనక్కరలేదు గానీ, వారానికి ఒకటికి మించి రాయకండి, ఎందుకంటే సులువుగా తప్పించుకునే దారి అదే. నా మటుకు నేను మూడు కూడా రాయను. రాత్రి తలుపు గడియ వేశాక, గోడ క్యాలెండరులో ఆనాటి గడిలో ఒక్క పేరూ ఒక్క క్రియా రాస్తాను. గడి చిన్నది కాబట్టి ఉపన్యాసానికి చోటుండదు.

ఈ వారం అభ్యాసం కష్టమైనదే. రేపటి కాఫీ గ్లాసును తీసుకుని, అది మీ చేతికి రావడానికి పని చేసిన ఏడుగురిని వెనక్కి వెళుతూ రాయండి. పేరు తెలియకపోతే వారు చేసిన పనిని రాయండి. ఏడో రోజున మీ జాబితాలోని ఒకరికి ఆ సంగతి నోటితో చెప్పండి. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ 2018లో ప్రచురించిన పరిశోధనలో, కృతజ్ఞత తెలుపుతూ ఉత్తరం రాసినవారు అవతలివారికి కలిగే ఇబ్బందిని ఎక్కువగానూ, సంతోషాన్ని తక్కువగానూ ఊహించుకున్నారని తేలింది. అయినా మన ఇళ్ళలో భార్యకో తమ్ముడికో ‘థాంక్స్’ అంటే, ‘నేనేమైనా పరాయిదాన్నా?’, ‘ఏమిటన్నయ్యా కొత్తగా?’ అన్న మాటలు ఎదురవుతాయి. అందుకని ఆ మాటే వాడకండి. ‘నిన్న రాత్రి నువ్వు లేచి మోటారు ఆపావు కాబట్టి ట్యాంకు పొర్లలేదు’ అని చెప్పి ఊరుకోండి. వారు ఏమన్నారో రాసి పంపితే అయిదో పాఠం అక్కడి నుంచి మొదలుపెడతాను.