దీపావళికి ముందు ఒక్క మాట: వెనకాల నుంచి పేల్చకండి

పోయిన దీపావళికి మా వీధి పిల్లాడొకడు కాలువ రేవు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. వాడికి బాంబులంటే వణుకు. "వీడి భయం పోగొడదాం" అని సొంత బాబాయే చప్పుడు చేయకుండా వచ్చి వెనకాల బాంబు ముట్టించాడు. వాడు ఉలిక్కిపడి రెండు మెట్లు దొర్లాడు, మణికట్టు విరిగింది. కట్టు విప్పేసి ఎన్నాళ్లో అయింది గానీ, ఇప్పటికీ కుక్కర్ విజిలేస్తే వాకిట్లోకి పరిగెడతాడు.

నూలు బట్టలు, బకెట్ నీళ్లు మీకు తెలిసినవే. నేను చెప్పేది ఒకటే, చెప్పకుండా వెనకాల పేల్చొద్దు.

ఉలికిపాటు పిరికితనం కాదు. చెవిలో పడ్డ చప్పుడు మెదడు కాండంలో, పాన్స్ అనే చోట ఉన్న కొన్ని పెద్ద నాడీకణాలకు తగిలి, అక్కడి నుంచి నేరుగా వెన్నుపాములోకి దిగిపోతుంది. "ఏంటిది" అనుకునేలోపే రెప్ప పడిపోతుంది, ఒళ్లు ముడుచుకుపోతుంది. ధైర్యం చెప్తే ఆగేది కాదు. పైగా భయాన్ని గుర్తుపెట్టుకునే అమిగ్డలా ఆ కణాలనే ఎగదోస్తుంది కాబట్టి, ముందే బెదిరి ఉన్నవాడు అదే చప్పుడుకి ఇంకా ఎక్కువ ఎగిరిపడతాడు. అలవాటవుతుందంటారా? దూరంగా, చిన్న చప్పుడు, స్థిమితంగా ఉన్నప్పుడు పదేపదే వింటే అవుతుంది. బెదరగొట్టి పేలిస్తే భయమే అలవాటవుతుంది.

కాలువకి లాకులున్నట్టు మెదడుకీ చప్పుళ్లని ఆపే అడ్డు ఒకటుంది. పెద్ద చప్పుడుకి సెకనులో పదో వంతు ముందు చిన్న చప్పుడు వినిపించినా ఉలికిపాటు తగ్గుతుంది. స్కిజోఫ్రెనియా అనే మానసిక జబ్బున్న చాలామందిలో ఈ అడ్డు బలహీనం. వాళ్ల మందులు పండగ పూట మాన్పించొద్దు.

ఆటిజం ఉన్న పిల్లలకి చెవులు కప్పేవి చీకటి పడకముందే పెట్టండి, పేలాక కాదు. లాంగ్ క్యూటీ అనే గుండె జబ్బున్న ఇంటి దగ్గర అసలు పేల్చొద్దు, వాళ్లలో కొందరికి హఠాత్తు చప్పుడుకే గుండె లయ తప్పుతుంది. పైన కొబ్బరిచెట్టు మీద దింపు తీసే మనిషి ఉన్నాడేమో చూసి మరీ ముట్టించండి. గేదె పలుపు చూసుకోండి. బండి వస్తుంటే ఆగండి. రేవులో మనిషుంటే వద్దు. డబ్బాలో పెట్టి పేల్చొద్దు. బాంబు చప్పుడు 125 డెసిబెల్స్ దాటకూడదన్న రూలు 4 మీటర్ల దూరానికి పెట్టింది, పిల్లాడి చెవి పక్కన అడుగు దూరానికి కాదు. కనుమనాడు ప్రభల తీర్థం జాతర గుంపులోనూ ఇంతే. వెనకాల నుంచి వద్దు. వీడియో కోసం అసలే వద్దు. పేరు పెట్టి పిలవండి, వాడు మీ వైపు తిరిగాక ముట్టించండి, చెవులు మూసుకుంటే మూసుకోనివ్వండి.