స్పోర్ట్స్ కారు ఇంజిన్ బేరింగు పోతే కారణం ఎలా తేల్చుకోవాలి?

స్పోర్ట్స్ కారు ఇంజిన్‌లో బేరింగు పోయిందని తెలియగానే యజమానికి ఎదురయ్యే మొదటి ప్రశ్న, ఆయిల్ వేళకు మార్పించారా అన్నదే. అది అడగవలసిన ప్రశ్నే. అయితే ఆ ఒక్క జవాబుతో తీర్పు చెప్పేయడం అన్యాయం. సర్వీసు రసీదులన్నీ సక్రమంగా ఉన్న కార్లలో కూడా బేరింగులు అరిగిపోయాయి. కాబట్టి తప్పు నిర్వహణదా, తయారీదా అన్నది ఆయిల్‌లోనూ, ఫిల్టర్‌లోనూ, చివరికి విప్పి తీసిన బేరింగు మీదనూ కనిపించే ఆధారాలను బట్టి తేల్చుకోవాలి. ఇందుకు ఉదాహరణగా 2007 నుంచి 2013 వరకు తయారైన బీఎండబ్ల్యూ ఎం3 కారును, అందులోని ఎస్65 అనే 4 లీటర్ల వీ8 ఇంజిన్‌ను తీసుకుంటున్నాను.

పిస్టన్‌ను క్రాంక్‌షాఫ్ట్‌కు, అంటే ఇంజిన్‌లో తిరిగే ప్రధాన ఇరుసుకు, కలిపేది కనెక్టింగ్ రాడ్డు. దాని పెద్ద చివరలో, క్రాంక్‌షాఫ్ట్ జర్నల్ (రాడ్డు పట్టుకునే నున్నని గుండ్రటి భాగం) చుట్టూ, అర్ధవలయాకారంలో రెండు పలుచని షెల్స్ ఉంటాయి; ఈ రెండూ కలిసిందే రాడ్డు బేరింగు. ఇంజిన్ తిరుగుతున్నంతసేపూ జర్నల్ వీటిని తాకకుండా, తడి రోడ్డు మీద వేగంగా వెళ్లే టైరు నీటి పొర మీద తేలినట్లు, ఆయిల్ పొర మీద తేలుతూ ఉండాలి. ఆ పొర తెగిన ప్రతిసారీ లోహం లోహాన్ని రాసుకుంటుంది. ఎస్65 ఇంజిన్ నిమిషానికి 8,400 చుట్లదాకా తిరుగుతుంది కాబట్టి, మామూలు కారులో చెల్లిపోయే చిన్న లోపం కూడా ఇక్కడ చెల్లదు.

నిర్వహణ లోపం ఈ పొరను ఎన్నో విధాల దెబ్బతీస్తుంది. ఆయిల్ మట్టం తగ్గిన కారును మలుపుల్లో గట్టిగా నడిపితే పంపు ఆయిల్‌కు బదులు గాలిని లాగుతుంది. మరీ పాతబడిన ఆయిల్‌లో ఆమ్లాలు పేరుకొని బేరింగు పైపూతను తినేస్తాయి. ఎప్పుడూ రెండు మూడు కిలోమీటర్ల దూరమే తిరిగే కారులో ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు. పెట్రోలు ఆయిల్‌లో కలిసి దాన్ని పలుచన చేస్తుంది. వీటిలో ఏది జరిగినా బాధ్యత యజమానిదే.

ఇక రెండో వైపు చూద్దాం. ఇంజిన్ కట్టేవారు సాధారణంగా పాటించే లెక్క ప్రకారం, జర్నల్ వ్యాసంలో సుమారు వెయ్యో వంతు ఖాళీని బేరింగులో ఆయిల్ కోసం వదలాలి. ఎస్65 రాడ్డు జర్నల్ వ్యాసం దాదాపు 52 మిల్లీమీటర్లు కనుక ఆ ఖాళీ 0.05 మిల్లీమీటర్ల దగ్గర ఉండాలి. స్వతంత్రంగా కొలిచినవారికి కనిపించింది అంతకంటే తక్కువ. పైగా ఈ ఇంజిన్‌కు నిర్దేశించిన ఆయిల్ 10డబ్ల్యూ-60, అది చిక్కనిది. ఇరుకైన సందులోకి చిక్కని ఆయిల్, అదీ ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, తగినంత చేరదన్నది ఈ ఇంజిన్లను విప్పి చూసిన చాలామంది వాదన. నా అభిప్రాయంలోనూ ఇది బలమైన వాదనే. అంతకుముందరి ఎం3లో, అంటే ఎస్54 ఇంజిన్ ఉన్న 2001–2003 నాటి కార్లలో, ఇలాంటి సమస్యే వస్తే కంపెనీ స్వయంగా రాడ్డు బేరింగులు మార్చి ఇచ్చింది. యజమానులందరూ ఒకేసారి నిర్లక్ష్యం చేసి ఉంటారని ఎవరూ అనలేరు కదా.

పోర్షేది ఇంకా స్పష్టమైన ఉదాహరణ. 1990ల చివరి నుంచి 2008 మోడల్ వరకు వచ్చిన బాక్‌స్టర్, 911 కార్లలో (ఆ తరం టర్బో, జీటీ3లు కాకుండా) ఇంటర్మీడియెట్ షాఫ్ట్ (క్రాంక్‌షాఫ్ట్ తిప్పుడును వాల్వులు నడిపే షాఫ్టులకు చేర్చే మధ్య ఇరుసు) చివరన మూసి ఉన్న బాల్ బేరింగు ఒకటి ఉండేది. దానికి ఇంజిన్ ఆయిల్ ఒత్తిడితో అందే ఏర్పాటు లేదు. లోపలి గ్రీజు కాలక్రమంలో కరిగి కొట్టుకుపోయేది. ఎంత శ్రద్ధగా ఆయిల్ మార్చినా ఆ గ్రీజును తిరిగి నింపే వీలు లేదు. అమెరికాలో దీనిపై వేసిన సామూహిక దావా 2013లో పరిష్కారమైంది; 2009 మోడల్ నుంచి వచ్చిన కొత్త ఇంజిన్లలో ఆ షాఫ్టే లేదు.

కారణం ఏదైనప్పటికీ యజమాని చేతిలో ఉన్న పని మాత్రం ఒకటే: అరుగుదలను తగ్గించడం, ముందుగా పసిగట్టడం. స్టార్ట్ చేశాక నిలబెట్టి ఉంచకుండా, నెమ్మదిగా నడుపుతూ వేడెక్కించాలి. ఎం3లో ఆయిల్ వేడిని చూపే మీటరు ఉంది. ఇంజిన్ వేడెక్కే కొద్దీ ఎంతవరకు తిప్పవచ్చో టాకోమీటరు (ఇంజిన్ వేగం చూపే మీటరు) చుట్టూ ఉన్న దీపాలు చూపుతాయి. వాటిని అలంకారంగా భావించకుండా పాటించాలి. ఈ కారుకు డిప్ స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) లేదు కాబట్టి ఎలక్ట్రానిక్ కొలతనే, ఇంజిన్ పూర్తిగా వేడెక్కిన తరువాత, తరచుగా చూసుకోవాలి. ఆయిల్ మార్పుకు కంపెనీ ఇచ్చిన గడువు దాదాపు 24,000 కిలోమీటర్లు లేదా రెండేళ్లు. అది చాలా ఎక్కువ. 10,000 కిలోమీటర్లకు, లేదా ఏడాదికి, ఏది ముందైతే దానికి ఆయిల్ మార్పించడం మేలు.

ఆయిల్ మార్చిన ప్రతిసారీ నమూనా తీసి పరీక్షకు పంపాలి. వేడి ఆయిల్ కారుతున్నప్పుడు మొదటి ధారను, చివరి ధారను వదిలి, మధ్యలోది శుభ్రమైన సీసాలో పట్టాలి. ఎప్పుడూ ఒకే ప్రయోగశాలకు పంపితే అంకెలను పోల్చుకోవచ్చు, ఎందుకంటే ఒక్క నివేదిక కంటే వరుస నివేదికల్లోని పెరుగుదలే ముఖ్యం. 2010 ప్రాంతానికి ముందరి షెల్స్‌లో సీసం, రాగి ఉండేవి. సీసం పెరుగుతూ, తరువాత రాగి కూడా పెరిగితే పైపూత దాటి కింది పొర అరుగుతోందని అర్థం. తరువాతి షెల్స్ తగరం, అల్యూమినియంతో చేసినవి. అల్యూమినియం పిస్టన్ల నుంచి కూడా రావచ్చు కనుక కొత్త షెల్స్ విషయంలో నివేదిక అంత సూటిగా చెప్పదు. నిర్వహణ లోపాన్ని పట్టించే అంకెలు వేరే ఉన్నాయి: సిలికాన్ ఎక్కువైతే గాలి ఫిల్టరు దాటి దుమ్ము వస్తోందని, పెట్రోలు శాతం పెరిగితే ఆయిల్ పలుచబడిందని, సోడియం, పొటాషియం కనిపిస్తే కూలెంట్ లీకవుతోందేమో వెతకాలని సంకేతం. నివేదిక బాగుంటే బేరింగులు బాగున్నట్టేనని మాత్రం అనుకోవద్దు. మంచి నివేదిక వచ్చిన ఇంజిన్లలో కూడా అరిగిన షెల్స్ బయటపడ్డాయి.

తీసేసిన ఆయిల్ ఫిల్టరును పారవేయక ముందు మడతలు విప్పి, వెలుతురులో చూడాలి. మెరిసే రేకుముక్కలు కనిపిస్తే ఇంజిన్ విప్పి చూడవలసిందే. వేగంతోపాటు పెరిగే బరువైన కొట్టుడు శబ్దం కింది నుంచి వస్తే, గ్యారేజీ దాకా నడుపుకుంటూ వెళ్లడం కూడా తప్పు. అప్పటికే షెల్ పోయి ఉంటుంది. ఇక కాపాడుకోవడానికి మిగిలేది క్రాంక్‌షాఫ్ట్ ఒక్కటే.

అసలు సాక్ష్యం షెల్స్ మీదే ఉంటుంది. సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) విప్పి, ఇంజిన్ కారులో ఉండగానే వీటిని తీయవచ్చు. ప్రతి షెల్‌ను ఏ సిలిండరుదో, పైదో కిందిదో రాసి విడిగా సంచిలో పెట్టించండి, లేకపోతే తరువాత వాదించడానికి ఏమీ మిగలదు. చుట్టూ సన్నని గీతలు, లోహంలో ఇరుక్కున్న రేణువులు ఉంటే ఆయిల్‌లో మురికి చేరింది. ఉపరితలం చిల్లులు పడినట్లు తినేసి ఉంటే పాత ఆయిల్‌ను గానీ, కూలెంట్ లీకును గానీ అనుమానించాలి. నల్లగా కాలి, లోహం పాకినట్లు ఉంటే ఆయిల్ అందలేదు. అప్పుడు మట్టం ఎంత ఉండేదో, పంపు ఎలా ఉందో చూడాలి. ఒకే అంచున అరిగితే రాడ్డు వంగడాన్ని గానీ, బిగింపులో తప్పును గానీ పరిశీలించాలి. గీతలూ చిల్లులూ లేకుండా అన్ని సిలిండర్లలోనూ పై షెల్స్ దాదాపు ఒకేలా అరిగి, రసీదులు, ఆయిల్ నివేదికలు సక్రమంగా ఉంటే, తప్పు యజమాని మీద వేయడానికి ఆధారం లేదు. నేనైతే అలాంటి షెల్స్ ఫోటోలు, నివేదికలు కలిపి కంపెనీకి రాతపూర్వకంగా పంపమనే చెబుతాను.

కొత్త షెల్స్ బిగించేటప్పుడు పాత రాడ్డు బోల్టులను మళ్లీ వాడనివ్వవద్దు. అవి బిగించినప్పుడు సాగే రకం, రెండోసారి ఆ పట్టు ఇవ్వవు. బిగించే ముందు ప్రతి జర్నల్ దగ్గర ఖాళీని కొలిపించి, ఆ అంకెలను బిల్లు మీద రాయించుకోండి.