భోగి మంట, మూడో పాఠం: పొగ ఎందుకు కమ్మింది?

పోయిన పాఠంలో మొద్దులు పేర్చే పద్ధతి చెప్పాను. అలాగే పేర్చి చూసినవారిలో చాలామంది రాసింది ఒకటే: మంట లేవలేదు, పొగ కమ్మింది, పిల్లలు కళ్లు నులుముకుంటూ ఇంట్లోకి వెళ్లిపోయారు. తప్పు నాదే. ఎలాంటి కట్టె ఎంచుకోవాలో చెప్పకుండా పేర్చడం నేర్పాను. అందుకే ఈ వారం రావలసిన పిడకల దండల పాఠం ఆపి, తడి సంగతి తేలుద్దాం. చితుకులు రాజేయడం మీకు తెలిసిందే.

వేడెక్కిన కట్టెలోంచి వాయువులు వస్తాయి. మనకు కనిపించే మంట చాలావరకు వాటిదే. అవి జోరుగా రావాలంటే కట్టె 250–300 డిగ్రీలు దాటాలి. నీరున్న చోట వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. పచ్చి కట్టె బరువులో సగం దాకా నీరే ఉండవచ్చు. కిలో నీటిని 20 డిగ్రీల నుంచి మరిగించడానికి 80 కిలోకేలరీలు చాలు. దాన్ని ఆవిరి చేయడానికి మరో 540 కావాలి. పది కిలోల పచ్చి మొద్దు పెడితే ఐదు కిలోల నీటిని ఇగరబెట్టే పని మంటకు అప్పగించినట్టే. ఈలోగా మండని వాయువులు పొగై లేస్తాయి.

"పైన ఎండింది కదండీ" అంటారు. ఈ మాట వింటే నాకు ఓపిక ఉండదు. బెరడు ఎండితే కట్టె ఎండినట్టు కాదు! గొడ్డలితో చీల్చి, లోపలి ముఖాన్ని చెంపకు ఆనించండి. చల్లగా తగిలితే అది పచ్చిదే. రెండు ముక్కలు ఒకదానితో ఒకటి కొట్టండి: ఎండినవి ఖంగుమంటాయి, పచ్చివి దబ్బుమంటాయి. చివర్లలో నెర్రెలు కనిపించాలి. కిరోసిన్ పోస్తే పైపైన భగ్గుమని ఆరిపోతుంది, లోపలి నీరు లోపలే ఉంటుంది. పైగా ఒళ్లు కాలే ప్రమాదం. నేనైతే ఎండు కొబ్బరి మట్టలతో అంటించి, పైన తుమ్మ కట్టె వేస్తాను.

ముందురోజు రాత్రే పేర్చేవారు పైన టార్పాలిన్ కప్పండి. తెల్లవారుజామున పుష్యమాసపు మంచు తాటాకుల మీద బొట్లు బొట్లుగా నిలుస్తుంది.

అభ్యాసం: ఒక పచ్చి కట్టెను మణికట్టు లావున చీల్చి, వాన తగలకుండా, గాలి ఆడేచోట నిలబెట్టండి. ప్రతి ఆదివారం తూచి బరువు రాసుకోండి. వరుసగా మూడు వారాలు బరువు తగ్గకపోతే ఎండినట్టు లెక్క. నెలలు పడుతుంది కాబట్టి దసరాకే మొదలుపెట్టాలి.