తలుపేస్తే గోడ ఊగుతోందా? నాటిక సెట్‌లో వచ్చే సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

పరిషత్ నాటికలకి, అంటే వరసగా నాటికలాడే పోటీలకి సెట్ వేసేవాళ్ళ కోసం ఇది రాస్తున్నా. మన పరిస్థితి తెలిసిందే, ఒక నాటిక అయిపోయి ఇంకోదానికి తెర లేచేలోపు దొరికే టైమ్ తక్కువ, స్టేజీ వెడల్పెంతో అక్కడికి వెళ్తేగాని తెలీదు, చాలాచోట్ల స్టేజీకి మేకు కొట్టనివ్వరు, సామానంతా ఒక్క వ్యాన్‌లో పట్టాలి. అందుకని ఫ్లాట్లు, అంటే చెక్క ఫ్రేమ్ మీద గుడ్డ బిగించిన గోడ ముక్కలు, తేలిగ్గా చేసుకుంటాం, తిప్పలన్నీ అక్కడే మొదలవుతాయి. ఇన్నాళ్ళుగా చూస్తున్నది ఏంటంటే లోపం కనిపించేది ఒకచోట, దాని కారణం ఉండేది ఇంకోచోట. కనిపించినచోట ఓ మేకు కొట్టేసి, ఓ కోటింగ్ వేసేసి వదిలేస్తే తర్వాతి ఊళ్ళో మళ్ళీ అదే గోల.

తలుపు వేయగానే గోడంతా ఊగుతోంది

అన్నిటికంటే ఎక్కువగా వచ్చేది ఇదే, నాటకాన్ని ఎక్కువ దెబ్బతీసేదీ ఇదే. నటుడు కోపంగా తలుపేసి వెళ్ళిపోయే సీన్‌లో గోడ గుడ్డలా ఊగిందంటే ఆ కోపం జనానికి ఎక్కదు. ముందు ఏ రకం ఊపో చూడండి. ఫ్లాట్ వెనక్కెళ్ళి పక్కకి తోయండి, మూలలు కదిలి ఫ్రేమ్ ఏటవాలుగా సాగిపోతోందంటే తప్పు ఫ్రేమ్‌దే. నాలుగు మూలలకీ ప్లైవుడ్ త్రికోణం ముక్కలు స్క్రూలతో బిగించి, మధ్యలో ఒక రీపరు ఐమూలగా కొట్టండి, అంతే. మేకులు వద్దు, నాలుగు ప్రదర్శనలకే వదులైపోతాయి.

అలా కాకుండా గోడ మొత్తం ముందుకీ వెనక్కీ ఊగుతుంటే ఫ్రేమ్ బాగానే ఉంది, వెనక ఆసరా సరిగ్గా లేదు. ఎనిమిదడుగుల ఫ్లాట్‌కి ఆసరా కర్ర కనీసం ఐదున్నర అడుగుల ఎత్తులో తగలాలి, కింది కాలు మూడు నుంచి నాలుగడుగులు వెనక్కి ఉండాలి, ఆ కాలి మీద ఇసుక బస్తా పడాలి. చాలామంది కర్రని నడుమెత్తులో బిగించి కాలు దగ్గరికి లాగేస్తారు, వింగ్‌లో, అంటే స్టేజీ పక్కన జనానికి కనిపించని భాగంలో, చోటు లేదంటారు, కానీ అప్పుడు అది ఆసరా అవ్వదు. నిజంగానే చోటు లేకపోతే గోడని తిన్నగా నిలబెట్టకుండా మధ్యలో ఒక మడత పెట్టండి, రెండు ఫ్లాట్లని బందులతో కలిపి కోణంలో నిలబెడితే సగం బలం వాటికవే తెచ్చుకుంటాయి, పైగా గది కూడా సహజంగా కనిపిస్తుంది.

ఇక తలుపు సంగతి. దాన్ని గుడ్డ ఫ్లాట్‌కే బిగించకండి. ద్వారబంధం విడిగా చేయించి, దానికి సొంతంగా ఆసరా ఇచ్చి, కింద గడప బదులు పల్చటి ఇనప పట్టీ వేయండి, రెండు నిలువు కర్రలూ విడిపోకుండా పట్టుకుంటుంది, నటుల కాలికీ తగలదు. తలుపు వింగ్ వైపుకి తెరుచుకునేలా పెట్టుకుంటే స్టేజీ మీద చోటు తినదు.

వెనక గోడ మీద నటుల నీడలు పడుతున్నాయి

దీనికి లైట్లబ్బాయిని తిడతారు, సగం కారణం సోఫా. సోఫాని గోడకి ఆనించి వేస్తాం, ఎందుకంటే ఇంట్లో అలాగే ఉంటుంది కాబట్టి. అక్కడ కూర్చున్న మనిషి వెనక నీడ పడకుండా ఏ లైటూ కాపాడలేదు. ఫర్నిచర్‌ని నాలుగైదు అడుగులు ముందుకి జరపండి, హాల్లోంచి చూస్తే ఆ ఖాళీ తెలీదు. ఆ తర్వాత ముందు లైట్లని వెలుగు నలభై ఐదు డిగ్రీల కోణంలో కిందికి పడేంత ఎత్తులో పెడితే నీడ గోడ మీదకి ఎక్కకుండా చాలావరకు నేల మీదే పడుతుంది.

ఇంటి దగ్గర బాగున్న రంగు స్టేజీ మీద పాడైపోయింది

రంగు తప్పు కాదు, మీరు దాన్ని పగటి వెలుగులో చూసి ఓకే అనుకున్నారు. స్టేజీ లైట్‌లో ఏ కాంతి లేదో ఆ రంగు చచ్చిపోతుంది, ఎర్ర గోడ మీద ఆకుపచ్చ లైట్ వేస్తే దాదాపు నల్లగా కనిపిస్తుంది, నీలం గోడ పసుపు లైట్‌లో మట్టికొట్టుకుపోతుంది. ఇప్పుడు చాలా హాళ్ళలో ఎల్ఈడీ పార్ లైట్లు వచ్చేశాయి, ఎరుపు ఆకుపచ్చ నీలం కలిపి తెలుపు చేసేవాటి కింద బ్రౌన్లు, చెక్క రంగులు, మనుషుల ఒంటి రంగు కూడా తేడాగా వస్తాయి, పాత హాలోజెన్ లైట్లకి వేసుకున్న సెట్ అక్కడ వేరేలా ఉంటుంది. కాబట్టి రంగు కొనేముందు రెండడుగుల గుడ్డ ముక్క మీద పూసి చీకటి గదిలో ఆ లైట్ల కిందే పెట్టి చూడండి. తెల్లటి తెలుపు మాత్రం ఎప్పుడూ వద్దు, గోడ మెరిసిపోయి మొహాలు నల్లబడతాయి, లేత బూడిదో గంధం రంగో కలిపి తగ్గించండి. ఎనామెల్ కూడా వద్దు, లైట్ పడినచోటల్లా మెరుస్తుంది, డిస్టెంపర్ లాంటి మెరుపు లేని రంగే స్టేజీకి.

గోడ మరీ అట్టలా ఉందంటే ఒకే రంగు ఒకే మందంలో పూసుంటారు. దాని మీద కాస్త ముదురు రంగు, కాస్త లేత రంగు స్పాంజితో అక్కడక్కడా అద్దండి, కిందివైపు, మూలల్లో కొంచెం ఎక్కువ. దూరానికి నిజం గోడ అయిపోతుంది.

గుడ్డ వదులైంది, అతుకుల్లోంచి వెలుతురు వస్తోంది

పాలిస్టర్ కలిసిన గుడ్డ అయితే దానికి మందు లేదు, మార్చేయడమే. కాటన్ అయితే పల్చటి జిగురు నీళ్ళు కొట్టి ఆరనిస్తే బిగుస్తుంది, రంగు ఆ తర్వాతే. వెలుతురుకి ఫ్లాట్ వెనకవైపు నల్లరంగు పూయండి. అతుకు మీద మూడు నాలుగంగుళాల గుడ్డ పట్టీ అంటించి దాని మీద కూడా గోడ రంగే వేయండి.

పక్క సీట్లవాళ్ళకి వింగ్‌లో నిలబడ్డవాళ్ళు కనిపిస్తున్నారు

స్టేజీ మీద నిలబడి ఇది కనిపెట్టలేరు. తెర లేచేముందు మొదటి వరసలో ఎడమ చివరా కుడి చివరా కూర్చుని చూడండి. పక్క గోడల్ని జనం వైపు కాస్త విప్పారేలా తిప్పండి, తలుపు, కిటికీల వెనక ఒక నల్ల ఫ్లాటో ఇంకో గది గోడో పెట్టండి. బాల్కనీ ఉన్న హాలైతే నేల కూడా మీ సెట్‌లో భాగమే, పైవాళ్ళకి కనిపించేది ఎక్కువగా అదే.

సీన్ మార్చేసరికి జనం మాటల్లో పడిపోతున్నారు

మోసేవాళ్ళు తక్కువై కాదు, సెట్ ఆలోచించేటప్పుడు మార్పు గురించి ఆలోచించకపోవడం వల్ల. ఈ విషయంలో పద్యనాటకాల దగ్గర నేర్చుకోవాల్సింది చాలా ఉంది. వీధి తెరో అడవి తెరో దింపి ముందు చిన్న సీను నడిపిస్తుంటే వెనక దర్బారు సిద్ధమైపోతుంది, అంటే నాటకం ఆగదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభివాళ్ళు రంగు తెరలతో ఇప్పటికీ కోటని, అడవిని కళ్ళముందు మార్చేస్తారు. మన సాంఘిక నాటికలో తెరలు నప్పవు, కానీ అదే పద్ధతి వాడుకోవచ్చు, గుమ్మం ముందో ఫోన్‌లోనో జరిగే సీను స్టేజీ ముందుభాగంలో చిన్న వెలుగులో పెట్టమని డైరెక్టర్‌ని అడగండి, ఆలోపు వెనక చీకట్లో మీ పని అయిపోతుంది. ఆ చీకట్లో కుర్చీ ఎక్కడ పెట్టాలో వెతుక్కోకుండా దాని కాళ్ళ చోట్లు చీకట్లో మెరిసే టేపుతో ముందే గుర్తు పెట్టుకోండి, ఒక్కో సీన్‌కి ఒక్కో గుర్తు. ఎవరు ఏ వస్తువు ఏ వింగ్‌లోంచి తీసుకెళ్ళాలో కాగితం మీద రాసి వింగ్‌లో అంటించండి, రిహార్సల్స్‌లో నటులతో పాటు ఈ మార్పుని కూడా డైలాగుల్లాగే ప్రాక్టీస్ చేయించండి.