గ్రాఫ్ట్ వచ్చేలోగా వచ్చే నడుంనొప్పి

పొట్టలోని పెద్ద రక్తనాళం గోడ ఉబ్బితే దాన్ని ఎన్యూరిజం అంటారు. ఆ నాళం లోపల అమర్చే గుడ్డ గొట్టమే స్టెంట్ గ్రాఫ్ట్. ఆర్డరిచ్చిన గ్రాఫ్ట్ ఇంకా చేరకముందే ఎన్యూరిజం పగిలి మనిషి పోయిన కబురు ఈమధ్య మళ్లీ విన్నాం. అంతకు రెండు రోజుల ముందు నుంచే నడుంనొప్పి. ఇంట్లోవాళ్లు బామ్ రాశారు, వాము నీళ్లు పట్టారు.

ఉబ్బు కిడ్నీ రక్తనాళాల దాకా పాకితే మామూలు గ్రాఫ్ట్ అంచు పట్టి నిలవడానికి మంచి గోడ మిగలదు. అందుకే సీటీ యాంజియో (రక్తనాళాల స్కాన్) కొలతలతో, కిడ్నీకీ పేగులకూ వెళ్లే నాళాలు ఏ ఎత్తులో, గడియారం లెక్కన ఎన్ని గంటల దిక్కున ఉన్నాయో చూసి, గ్రాఫ్ట్ గుడ్డకి కిటికీలు (రంధ్రాలు) పెడతారు. కిడ్నీ కిటికీ వెడల్పు సుమారు 6 మిల్లీమీటర్లు. అది పక్కకి జరిగితే కిడ్నీకి రక్తం అందదు. చేసి పంపడానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది. అన్నాళ్లూ ఉబ్బు ఊరుకోదు.

గ్రాఫ్ట్ కోసం ఎదురుచూసేవాళ్లని ముంచే తప్పు ఒక్కటే: కొత్తగా వచ్చిన నొప్పిని గ్యాస్ అనో, నడుం పట్టేసిందనో సర్దిచెప్పుకోవడం. పొట్ట, నడుం, డొక్క, గజ్జ... ఎక్కడ మొదలైనా, ఎంత తక్కువగా ఉన్నా బయల్దేరండి. తెల్లారాక చూద్దాం అనొద్దు. నొప్పి తగ్గినా సరే, వెళ్లాల్సిందే. కారిన రక్తం వెనక కండరాల దగ్గర గడ్డకట్టి కాసేపు ఆగినప్పుడూ నొప్పి తగ్గినట్టే ఉంటుంది.

వెళ్లేది 108లో, వాస్క్యులర్ (రక్తనాళాల) సర్జన్ ఉన్న ఆస్పత్రికి. గుమ్మంలో మొదటి మాట "ఎన్యూరిజం ఉంది" అని. అది చెప్పకపోతే కిడ్నీలో రాయి అనుకుంటారు, లేదా సెలైన్ మీద సెలైన్ ఎక్కించి బీపీ పెంచుతారు. ఆగిన రక్తం మళ్లీ కారుతుంది.

సీటీ సీడీ, రిపోర్టు సంచిలోనే ఉండాలి.

బీపీ మాత్ర ఒక్క పూట కూడా మానొద్దు.

సిగరెట్, చుట్ట, బీడీ బంద్.

మందుల షాపులో అడిగి సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు మింగొద్దు. ఎన్యూరిజం ఉన్నవాళ్లకి వేరే దారి ఉంటే ఇవి వద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లోనే హెచ్చరించింది.

గ్యాస్ సిలిండర్ ఎత్తొద్దు. మలబద్ధకంతో ముక్కొద్దు.

షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ వాడుతుంటే సీటీ రంగుమందుకు ముందే చెప్పండి.

జ్వరం, పంటిచీము ఉంటే దాచొద్దు, కొత్త గ్రాఫ్ట్‌కి ఇన్‌ఫెక్షన్ పట్టిందంటే వదిలించడం మహా కష్టం.

ఆర్డరిచ్చాక నెలలు గడిచిపోతే పాత స్కాన్‌ని నమ్ముకోకండి, కొలతలు మారాయేమో అడగండి.

ఆపరేషన్ అయ్యాక కాళ్లు బలహీనమైనా, మొద్దుబారినా ఆ నిమిషమే నర్సుకి చెప్పండి, వెన్నుపాముకి రక్తం తగ్గి ఉండొచ్చు.

నడుంనొప్పి వస్తే బామ్ డబ్బా వెతకొద్దు. 108కి ఫోన్ చేయండి.