సాయంత్రం షో, మధ్యాహ్నం ఫోన్: పద్యనాటకంలో ఇంకొకరి బదులు వేషం కట్టాలంటే

ఒకరికి గొంతు పోయిందనో జ్వరం వచ్చిందనో ఆ రోజే ఫోన్ చేసి "సాయంత్రం మీరే దిగాలి" అంటే, ఒప్పుకునే ముందు ఆ ఫోన్‌లోనే కొన్ని అడిగేయండి. ఏ నాటకం, ఏ పాత్ర అన్నంత మాత్రాన సరిపోదు. ఏ సీను నుంచి ఏ సీను దాకా, హార్మోనియం మీద ఎవరు, ఎదుటి పాత్ర ఎవరు అన్నవి కూడా తేలాలి. శ్రీకృష్ణ రాయబారంలో కృష్ణుడంటే, అర్జునుడూ దుర్యోధనుడూ సాయం అడగడానికి వచ్చే పడక సీను కృష్ణుడా, సభలో రాయబారం నడిపే కృష్ణుడా? ఊళ్లల్లో రాత్రంతా ఆడేటప్పుడు ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అని సీనుకొకరు దిగడం మనకు అలవాటే, ఆ అలవాటు ఇలాంటి రోజున ఎంతో పనికొస్తుంది. మీకు పడక సీను ఒక్కటే గట్టిగా వచ్చనుకోండి, "ఇది నేను చేస్తాను, సభకు ఇంకొకర్ని చూడండి" అని మొహమాటం లేకుండా చెప్పేయండి. ప్రేక్షకులు ఏమీ అనుకోరు. రాని సీనుకు తల ఊపితే మాత్రం మీతోపాటు స్టేజీ మీదున్న వాళ్లందరూ ఇబ్బంది పడతారు.

ఒప్పుకున్నాక అందరూ చేసే పని పుస్తకం తీసి పద్యాలు వల్లెవేయడం. అది వద్దు. పద్యాలు వచ్చు కాబట్టే కదా మిమ్మల్ని పిలిచారు, ఉన్న నాలుగైదు గంటలు మీకు తెలియనిదాని మీద పెట్టండి. తెలియనిది ఏమిటంటే, ఆ నాటక సమాజం వాళ్లు ఏ పద్యాలు కత్తిరించారు అన్నది. హరిశ్చంద్రనే తీసుకోండి. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి నాటకమే అయినా కాటిసీనులో జాషువా గారి శ్మశాన పద్యాలు కలిపి పాడటం ఎప్పటినుంచో ఉంది. వాటిలో వీళ్లు ఎన్ని ఉంచారు, ఎన్ని తీసేశారు, ఏ పద్యం అయ్యాక చంద్రమతి లోపలికి వస్తుంది అన్నది ఒక్కో సమాజంలో ఒక్కోలా ఉంటుంది. మీరు అలవాటు కొద్దీ ఇంకో పద్యం ఎత్తుకుంటే ఆవిడ స్టేజీ పక్కన వింగులో నిలబడిపోతుంది, లేదా మీ పద్యం మధ్యలో వచ్చేస్తుంది. అందుకని ముందు ఎదుటి ఆర్టిస్టుకు ఫోన్ చేయండి. "అమ్మా, మీ ఆఖరి మాట ఏది, నేను ఎక్కడ అందుకోవాలి" అని సీను మొత్తం అడిగి, నోట్‌బుక్కులో పేజీ మధ్యకి గీత గీసి, ఎడమవైపు ఆవిడ ఆఖరి మాట, కుడివైపు మీ ఎత్తుగడ రాసుకోండి. పద్యం మొత్తం రాయక్కర్లేదు, మొదటి రెండు మాటలు చాలు. మేకప్ వేయించుకునేటప్పుడు కళ్ల ముందు ఉండాల్సిన కాగితం ఇదొక్కటే.

తర్వాత హార్మోనిస్టు. పద్యానికి తాళం బిగింపు లేదు, మీరు ఎంత రాగం తీస్తే అంత ఆయన వెనకే వస్తారు, కాబట్టి మామూలు పద్యాలకు భయం లేదు. శృతి దగ్గరే చిక్కంతా. రాలేకపోయిన ఆయన రెండు శృతిలో పాడేవారు, మీది దానికంటే కింది స్థాయి, ఒకటి శృతి అనుకోండి, మీరొక్కరే పాడే పద్యాలకు దింపేయొచ్చు, కానీ ఇద్దరూ చెరో పాదం అందుకునే సంవాద పద్యాల్లో ఎదుటివాళ్ల గొంతు కింద ఎక్కడో పడిపోతుంది. ఆ రెండు మూడు పద్యాలు ఏ శృతిలో అన్నది ఫోన్‌లోనే ముగ్గురూ కలిసి తేల్చుకోండి. కీబోర్డు అయితే బటన్ నొక్కితే శృతి మారుతుంది, హార్మోనియం మీద మెట్లే మార్చి వాయించాలి, ఆయనకు ముందే చెప్పడం మర్యాద కూడా. పాటో కీర్తనో ఉంటే మాత్రం ఒక్కసారైనా తబలాతో కలిపి చూసుకోవాలి.

ఒపెరా, అంటే పాశ్చాత్య సంగీత నాటకాల వాళ్లు, దీనికి పద్ధతి ఏర్పాటు చేసుకున్నారు. పెద్ద ఒపెరా హౌసుల్లో ముఖ్య పాత్రలకు 'కవర్' అని ఒకర్ని ముందే సిద్ధంగా పెట్టుకుంటారు. 1941 డిసెంబర్ 6న న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరాలో గాయని లోటె లేమన్‌కు ఒంట్లో బాగోకపోతే 23 ఏళ్ల ఆస్ట్రిడ్ వార్నే రిహార్సల్ లేకుండా వాగ్నర్ ఒపెరాలో సీగ్లిండ పాత్రకు దిగింది, ఆ స్టేజీ మీద ఆమెకు అదే మొదటిసారి, పైగా రేడియోలో ప్రసారమైన షో. ఇంకో పద్ధతి మనం తప్పకుండా తెచ్చుకోవాల్సింది: పాడేవాళ్లకు కదలికలు తెలియకపోతే వాళ్లు స్టేజీ పక్కన నిలబడి పాడతారు, వేషంలో ఇంకొకరు అభినయిస్తారు. మన దగ్గరా ఆర్టిస్టుకు గొంతు మాత్రమే పోయి ఒళ్లు బాగుంటే, ఆయన్నే వేషంలో ఉంచి మీరు పక్క మైకులో పద్యం పాడొచ్చు. తెర లేవకముందే ఆ సంగతి అనౌన్స్ చేయించండి, జనం అర్థం చేసుకుంటారు.

సురభి నాటకాల వాళ్లకు ఈ టెన్షన్ తక్కువ. 1885లో మొదలైన ఆ కుటుంబ సమాజాల్లో పిల్లలు వింగులో నిలబడి అందరి పాత్రలూ వింటూ పెరుగుతారు. ఆఫీసులు చేసుకుంటూ ఆడే మనలాంటి వాళ్లు మాత్రం వచ్చిన పాత్రలూ శృతులూ ఒక చోట రాసి, పద్యాలు ఫోన్‌లో రికార్డు చేసి ఉంచుకోవాలి.

షో హైదరాబాద్‌లో అయితే హాలుకు మెట్రోలోనే వెళ్లండి. రవీంద్రభారతికైతే లక్డీకాపూల్‌లోనో అసెంబ్లీ స్టేషన్‌లోనో దిగొచ్చు, త్యాగరాయ గానసభకైతే చిక్కడపల్లి. సాయంత్రం ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే అన్నిటికంటే విలువైన గంట పోతుంది. దారిలో గొంతెత్తి సాధన చేయకండి, లోలోపల అనుకుంటే చాలు.

వెళ్లగానే కిరీటం పెట్టుకుని చూడండి. అది ఇంకొకరి తలకు చేసింది. వదులైతే లోపల గుడ్డ మడిచి పెట్టాలి, చెవుల మీదికి దిగితే హార్మోనియం సరిగ్గా వినపడక శృతి తప్పుతుంది. కిరీటంతోనే ఒక పద్యం సన్నగా పాడి చూసుకున్నాకే మిగతా అలంకారం. ఎటునుంచి ప్రవేశం, మైకు ఎక్కడ, ఆసనం ఎక్కడ అన్నవి ఖాళీ స్టేజీ మీద ఒకసారి నడిచి చూడండి. ప్రాంప్టర్‌ను మీ ముఖం తిరిగి ఉండే వైపు వింగులో నిలబెట్టి, ఎత్తుగడ మాట ఒక్కటే అందించమనండి, పాదమంతా చదివితే మీకే గందరగోళం. పద్యం మధ్యలో మాట తట్టకపోతే ఆగకండి, రాగం సాగదీయండి, ఆలోపు మాట అందుతుంది. పద్యనాటకం మనకిచ్చిన పెద్ద సౌకర్యం అది.

రాలేకపోయిన ఆయన బాణీని అనుకరించాలని అస్సలు చూడకండి, మీ బాణీలో పాడండి. వన్స్ మోర్ అంటే ఎదుటివాళ్ల వంక ఒకసారి చూసి, వాళ్లు మాట అందుకోకముందైతేనే మళ్లీ ఎత్తుకోండి. పారితోషికం సంగతి మొదటి ఫోన్‌లోనే తేల్చుకోండి, షో అయ్యాక అడగడం ఇద్దరికీ ఇబ్బంది. రాత్రి ఇంటికెళ్లేలోపు రాలేకపోయిన ఆ ఆర్టిస్టుకు ఫోన్ చేసి ఎలా ఉన్నారో కనుక్కుని, తర్వాతి షోకి ఆయనే వస్తారా, మీరు రావాలా అని అడగండి.